కోరి చేయించుకునే ఆపరేషన్ కోసం విదేశాలకు వెళ్లే ముందు: బీమా, భద్రత విషయాల్లో చేసుకోవలసిన ఏర్పాట్లు

హనుమకొండలో ఆరోగ్య బీమా క్లెయిముల కాగితాలు చూసే పనిలో నేను చాలా ఏళ్లు గడిపాను. మొదట్లో విదేశాల ఊసుతో వచ్చేవారంతా గల్ఫ్ కుటుంబాలవారే. జగిత్యాల, సిరిసిల్ల, కోరుట్ల వైపు నుంచి వచ్చి, అక్కడ పనిలో గాయపడిన కొడుకు కోసమో, శవపేటికలో తిరిగివచ్చిన భర్త కోసమో కాగితాలు పట్టుకొని కూర్చునేవారు. ఇప్పుడు వేరే రకం ప్రశ్నలు కూడా వస్తున్నాయి. ఇస్తాంబుల్‌లో జుట్టు మార్పిడి, బ్యాంకాక్‌లో ముక్కు సవరణ లేదా పొట్ట కొవ్వు తీయించుకోవడం, ఒకే ప్రయాణంలో నోరంతా కొత్త పళ్లు. దుబాయ్‌లో పనిచేసే మనవాళ్లు కొందరు సెలవు మీద ఇంటికి వచ్చే ముందు ఇస్తాంబుల్ వెళ్లి ఈ పని ముగించుకొని వస్తున్నారు.

ఇలా కోరి చేయించుకునేవారిని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఎవరి శరీరం మీద నిర్ణయం వారిదే. అయితే నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది టికెట్టు కొని, అడ్వాన్స్ కట్టి, ఆ తరువాత బీమా సంగతి అడుగుతున్నారు. ఆ వరుస తిరగబడాలి. ఆపరేషన్ బాగా జరిగితే ఎంత ఖర్చవుతుందో ప్యాకేజీ కాగితం చెబుతుంది. బాగా జరగకపోతే ఎవరు వైద్యం చేస్తారు, ఎక్కడ చేస్తారు, ఎవరు డబ్బు కడతారు అన్న మూడు ప్రశ్నలకు రాతపూర్వకమైన జవాబులు చేతికి వచ్చిన తరువాతే అడ్వాన్స్ కట్టాలి.

చేతిలో ఉన్న పాలసీ చెల్లుతుందా

పరకాల దగ్గరి ఊరి యువకుడొకరు తన ట్రావెల్ పాలసీని పాలిథిన్ కవరులో పెట్టుకొని నా దగ్గరికి వచ్చారు. మొదటి పేజీలో వైద్య ఖర్చులకు యాభై వేల డాలర్లు అన్న అంకె చుట్టూ బాల్‌పెన్నుతో రెండుసార్లు సున్నా చుట్టి ఉంది. జుట్టు మార్పిడి చేయించుకొని నాలుగో రోజే తిరుగు ప్రయాణమయ్యారు. వెంట్రుకలు తీసిన తల వెనుక భాగం ఎర్రగా వాచి, చీము పట్టి, జ్వరం తగిలింది. ఇక్కడ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరి కోలుకున్నారు గానీ, బిల్లంతా చేతి నుంచే పెట్టుకున్నారు. "అన్నా, ఇండ్ల యాభై వేల డాలర్లని రాసి ఉంది గదా" అని ఆయన అడిగినప్పుడు, అదే పాలసీ వెనుక పేజీల్లో చిన్న అక్షరాల్లో ఉన్న మినహాయింపుల భాగాన్ని తీసి, వైద్యం చేయించుకోవడమే ఉద్దేశంగా సాగే ప్రయాణానికి ఈ పాలసీ వర్తించదన్న వాక్యాన్ని నేనే చదివి వినిపించవలసి వచ్చింది. ఆ వాక్యాన్ని ఆయన అప్పుడే మొదటిసారి చూశారు.

మన దేశంలో అమ్మే ట్రావెల్ పాలసీలన్నింటి మూల ఉద్దేశం ఒక్కటే. ప్రయాణంలో అనుకోకుండా వచ్చే జబ్బు, అనుకోకుండా జరిగే ప్రమాదం. ముందే తేదీ నిర్ణయించుకొని వెళ్లి చేయించుకునే ఆపరేషన్ ఆ కోవలోకి రాదు. అంతకన్నా కష్టమైన విషయం ఏమిటంటే, ఆపరేషన్ ఖర్చే కాక, దాని వల్ల వచ్చిన రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్, ఐసీయూ ఖర్చు, చివరికి మరణిస్తే భౌతికకాయాన్ని ఇంటికి చేర్చే ఖర్చు కూడా ఇదే కారణం చూపి నిరాకరించే అవకాశం ఉంటుంది. గల్ఫ్ నుంచి భౌతికకాయం రావడానికి రోజుల తరబడి ఎదురుచూసిన ఇళ్లు మన జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి కనుక, ఈ ఒక్క వాక్యం బరువు ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

ప్రపోజల్ ఫారంలో ప్రయాణ కారణం దగ్గర విహారం అని రాసేస్తే సరిపోతుందని సలహా ఇచ్చేవారు ఉంటారు. దయచేసి ఆ మాట వినకండి. క్లెయిము వచ్చిన రోజు బీమా సంస్థ మొదట అడిగేది ఆసుపత్రి కాగితాలనే. అందులో అపాయింట్‌మెంట్ తేదీ, అడ్వాన్స్ రసీదు తేదీ ప్రయాణానికి ముందువే ఉంటాయి. నిజం దాచారన్న కారణం తోడైతే, గెలవగలిగే క్లెయిము కూడా ఓడిపోతుంది.

ఇక ఇంట్లో ఉన్న మామూలు ఆరోగ్య బీమా సంగతి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ఆరోగ్య పాలసీల మినహాయింపుల పదజాలాన్ని ఒకే రకంగా స్థిరపరిచింది కనుక, ఏ సంస్థ పాలసీ తెరిచినా అవే గుర్తులు కనిపిస్తాయి. ఎక్స్‌క్ల్08 అన్న గుర్తు కింద రూపం మార్చుకునే కాస్మెటిక్, ప్లాస్టిక్ సర్జరీలు ఉంటాయి. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తరువాత చేసే పునర్నిర్మాణానికీ, ఆరోగ్యానికి ప్రత్యక్షంగా, తక్షణంగా ఉన్న ముప్పును తొలగించడానికి అవసరమని వైద్యుడు ధ్రువీకరించిన చికిత్సకూ మాత్రమే బీమా వర్తిస్తుంది. సంతానలేమి చికిత్సలు ఎక్స్‌క్ల్17 కింద, 7.5 డయాప్టర్ల (కళ్లద్దాల పవరు కొలత) కన్నా తక్కువ ఉన్న చూపు దోషానికి చేసే లేజర్ చికిత్స ఎక్స్‌క్ల్15 కింద వస్తాయి. బరువు తగ్గించే ఆపరేషన్‌ది ఎక్స్‌క్ల్06. ఎత్తుకు తగ్గ బరువును కొలిచే బీఎంఐ 40 లేదా అంతకు మించి ఉన్నవారికి, లేదా అది 35 లేదా అంతకు మించి ఉండి తీవ్రమైన గుండె జబ్బు, అదుపులో లేని మధుమేహం వంటివి ఉన్నవారికి, ఇతర పద్ధతులు ఫలించనప్పుడు, వైద్యుడి సలహా మీద చేసినదైతే అది వర్తించవచ్చు. అయితే ఇంత అర్హత ఉన్నవారికి ఆ ఆపరేషన్‌ను హైదరాబాదులోని నెట్‌వర్క్ ఆసుపత్రిలో క్యాష్‌లెస్‌గా చేయించుకునే దారి ఉంటుంది. విదేశానికి వెళ్లి ఆ హక్కును వదులుకోవడం నాకు సబబుగా తోచదు.

కొన్ని ఖరీదైన పాలసీల్లో ప్రపంచవ్యాప్త కవరేజీ అన్న మాట ఉంటుంది. అది చూసి మురిసిపోకూడదు. ఆ సౌకర్యం ఎక్కువగా అత్యవసర వైద్యానికో, పేర్కొన్న కొన్ని పెద్ద జబ్బులకో పరిమితం. ముందస్తు అనుమతి అడుగుతారు. పైగా కాస్మెటిక్ మినహాయింపు దానికీ వర్తిస్తుంది. వ్యక్తిగత ప్రమాద పాలసీ కూడా ఇక్కడ ఆదుకునేది కాదు. ప్రమాదం అంటే బయటి నుంచి, హఠాత్తుగా, కనిపించే బలమైన కారణంతో జరిగినదని దాని నిర్వచనం. ఆపరేషన్ తరువాత సోకిన ఇన్‌ఫెక్షన్ అందులో ఇమడదు. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచిన మాట నిజమే గానీ, అది విదేశీ ఆసుపత్రి బిల్లుకు పనికిరాదు. గల్ఫ్ వెళ్లేవారికి తెలిసిన ప్రవాసీ భారతీయ బీమా యోజన ఇసిఆర్ (వలస అనుమతి తప్పనిసరైన) పాస్‌పోర్టుతో కూలికి వెళ్లే కార్మికుల కోసం పెట్టినది. ప్రమాద మరణానికి పది లక్షలు ఇచ్చే ఆ పాలసీ చేతిలో ఉంది కదా అని దుబాయ్ నుంచి ఇస్తాంబుల్ వెళ్లి ఆపరేషన్ బల్ల ఎక్కకూడదు.

బీమా సంస్థను ఎలా అడగాలి

ఫోనులో అడగకండి. ఫోనులో కవర్ అవుతుంది సార్ అన్న మనిషి క్లెయిము రోజున కనిపించరు. ఈమెయిల్‌లో అడగండి, జవాబును దాచుకోండి. నేను రాయించే ఉత్తరం ఇలా ఉంటుంది:

"నేను ఫలానా నెంబరు పాలసీదారుణ్ణి. ఫలానా తేదీన ఫలానా దేశంలోని ఫలానా ఆసుపత్రిలో ఫలానా ఆపరేషన్ చేయించుకోవడానికి వెళ్తున్నాను. ఆపరేషన్ ఖర్చు నేనే భరిస్తాను. ఈ ఆపరేషన్ వల్ల కలిగే రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్, మత్తుమందు వికటించడం, రక్తం గడ్డకట్టడం వంటి వాటికి అక్కడ జరిగే చికిత్స, తిరిగివచ్చిన తరువాత ఇక్కడ జరిగే చికిత్స, విమాన అంబులెన్సు, మరణిస్తే భౌతికకాయం తరలింపు, వీటిలో ఏవి నా పాలసీ కింద వస్తాయో, ఏవి రావో, ఏ నిబంధన ప్రకారమో తెలియజేయగలరు. ఈ ఆపరేషన్‌కు సంబంధం లేని ప్రమాదం అక్కడ జరిగితే పాలసీ వర్తిస్తుందో లేదో కూడా తెలియజేయగలరు."

చివరి వాక్యం ముఖ్యమైనది. వైద్యం కోసం వెళ్లారన్న కారణంతో మొత్తం పాలసీయే చెల్లకుండా పోతుందా, లేక ఆపరేషన్‌కు సంబంధించిన ఖర్చులు మాత్రమే పోతాయా అన్నది ఒక్కో పాలసీలో ఒక్కో రకంగా ఉంటుంది.

కొన్ని విదేశీ ఆసుపత్రులు ఆపరేషన్ తరువాతి సమస్యల కోసం ప్రత్యేక బీమాను ప్యాకేజీతో పాటు అమ్ముతాయి. అది ఉండటం మంచిదే. కానీ అందులో మూడు విషయాలు వెతకాలి. ఎన్ని రోజుల వరకు వచ్చిన సమస్యకు వర్తిస్తుంది, వరంగల్‌లో చేసిన చికిత్సకు డబ్బు ఇస్తుందా లేక మళ్లీ అదే ఆసుపత్రికి రమ్మంటుందా, ఆ బీమా సంస్థ ఏ దేశానిది. విదేశీ సంస్థ పాలసీ మీద, బీమా ఫిర్యాదులు విచారించే మన అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేసే దారి ఉండదు. ఎక్కువ ప్యాకేజీలలో ఉండే ఉచిత రివిజన్ హామీ అసలు బీమాయే కాదు. మళ్లీ ఆపరేషన్ ఉచితమంటారు గానీ విమానం, బస, పోయిన జీతం ఎవరిస్తారో చెప్పరు.

ఆసుపత్రిని, వైద్యుణ్ణి తరచి చూడటం

ఆసుపత్రుల నాణ్యతకు ఇచ్చే అంతర్జాతీయ జేసీఐ గుర్తింపు ఉందని ప్రకటనలో ఉంటే, ఆ గుర్తింపు ఇచ్చే సంస్థ వెబ్‌సైటులోనే ఆసుపత్రి పేరు వెతకాలి. ఆ గుర్తింపు ఆసుపత్రిదే గానీ మీకు కత్తి పట్టే సర్జనుది కాదు. సర్జన్ పూర్తి పేరు అడిగి, ఆ దేశపు వైద్య మండలి రిజిస్టరులో ఏ స్పెషాలిటీలో నమోదయ్యారో చూడాలి. పేరు చెప్పకుండా మా టీమ్ చేస్తుందనే చోటికి వెళ్లవద్దు. జుట్టు మార్పిడిలో ఈ ప్రశ్న మరీ అవసరం, ఎందుకంటే డాక్టరు గుర్తుల గీత గీసి వెళ్లిపోయి, కోతలన్నీ టెక్నీషియన్లు చేసే చోట్లు ఉన్నాయి. యూట్యూబ్ చూసి, వర్క్‌షాపులో చూసి నేర్చుకున్నది శిక్షణ కాదని మన జాతీయ వైద్య కమిషన్ 2022లో జుట్టు మార్పిడి గురించి స్పష్టంగా చెప్పవలసి వచ్చిందంటే, ఈ ఇబ్బంది మన దేశంలోనూ ఉన్నదేనని అర్థం.

మత్తుమందు ఎవరు ఇస్తారు, ఆపరేషన్ అంతసేపూ వారు గదిలోనే ఉంటారా, ఐసీయూ అదే భవనంలో ఉందా, లేకపోతే ఏ ఆసుపత్రికి తరలిస్తారు అన్నవి తరువాతి ప్రశ్నలు. కొన్ని సందర్భాల్లో ప్యాకేజీ వేగమే అపాయానికి గుర్తు. పంటి ఇంప్లాంటును దవడ ఎముక పట్టుకోవడానికి మామూలుగా మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది; వారం రోజుల్లో ఇంప్లాంట్లు, శాశ్వతమైన పళ్లు అన్నీ పూర్తి చేస్తామంటే, ఎలా చేస్తారో మన ఊరి దంతవైద్యుణ్ణి ముందు అడగాలి. ఒకే రోజు రెండు మూడు ఆపరేషన్లు కలిపి చేస్తే తగ్గింపు ఇస్తామన్నా అంతే; మత్తులో ఉండే సమయం పెరిగిన కొద్దీ రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది.

ఈ భయాలు ఊహలు కావు. 2023 ఫిబ్రవరి, మార్చి నెలల్లో బరువు తగ్గడానికి టర్కీలో పొట్టలోకి బోటులినమ్ ఇంజెక్షన్లు వేయించుకున్నవారిలో అరవై మందికి పైగా బోటులిజం (కండరాలు చచ్చుబడే విషజబ్బు) బారినపడ్డారు. వారిలో చాలామందికి జబ్బు బయటపడింది జర్మనీ వంటి సొంత దేశాలకు తిరిగి వెళ్లిన తరువాతే. అదే ఏడాది మెక్సికోలోని మాటమోరోస్‌లో నడుము వద్ద మత్తు ఇంజెక్షన్ తీసుకొని కాస్మెటిక్ ఆపరేషన్లు చేయించుకున్న అమెరికన్లకు మెదడు పొరలకు ఫంగస్ సోకి కొందరు చనిపోయారు. డొమినికన్ రిపబ్లిక్‌లో కాస్మెటిక్ సర్జరీ తరువాత 2009 నుంచి 2022 వరకు 93 మంది అమెరికా పౌరులు మరణించారని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ లెక్కించింది. శవపరీక్ష వివరాలు దొరికిన వారిలో ఊపిరితిత్తులకు కొవ్వు లేదా రక్తపు గడ్డ చేరడం ప్రధాన కారణంగా కనిపించింది.

బయలుదేరే ముందు ఇక్కడే చేయించుకోవలసినవి కొన్ని ఉన్నాయి. మధుమేహం, రక్తపోటు, రక్తహీనత పరీక్షలు, ఈసీజీ చేయించి, వాడే మందుల జాబితాను మన డాక్టరు చేత రాయించుకోవాలి. హెపటైటిస్ బి టీకా మూడు మోతాదులూ పూర్తి కావడానికి ఆరు నెలలు పడుతుంది కనుక ఆలోచన వచ్చిన రోజే మొదలుపెట్టడం మేలు.

తిరుగు టికెట్టు ఎప్పటికి కొనాలి

నేను చూసిన కేసుల్లో ఎక్కువ తొందరపాటు ఇక్కడే కనిపించింది. సెలవు అయిపోతుందని, హోటల్ ఖర్చని, మూడో రోజు, నాలుగో రోజు విమానం ఎక్కేస్తారు. ఛాతీ లేదా పొట్ట ఆపరేషన్ తరువాత కనీసం పది రోజులు విమానం ఎక్కవద్దనీ, ముఖం, కనురెప్పలు, ముక్కు మీద కాస్మెటిక్ ఆపరేషన్ అయితే ఏడు నుంచి పది రోజులు ఆగాలనీ సీడీసీ సలహా. విమానంలో గాలి పీడనం ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తయిన కొండ మీద ఉన్నట్టుగా ఉంటుంది. శరీరం లోపల మిగిలిన గాలి వ్యాకోచిస్తుంది, కుట్ల మీద ఒత్తిడి పడుతుంది. గంటల తరబడి కాళ్లు కదలకుండా కూర్చుంటే పిక్కల్లో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరవచ్చు.

మనవాళ్లు లెక్కలో మరిచిపోయేది శంషాబాద్ తరువాతి ప్రయాణం. విమానం దిగిన తరువాత హనుమకొండకో, భూపాలపల్లికో కారులో మరో మూడు నుంచి ఐదు గంటలు కాళ్లు ముడుచుకొని కూర్చోవాలి. కనుక హైదరాబాదులో ఒక రాత్రి ఆగడం, లేదా గంటకొకసారి కారు ఆపి పది నిమిషాలు నడవడం అవసరం. ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి వచ్చినా, తెల్లవారనీ అనుకోకుండా 108కి ఫోను చేయాలి. మార్చుకునే వీలున్న తిరుగు టికెట్టుకు పెట్టే అదనపు డబ్బు వృథా కాదు.

తిరిగివచ్చిన తరువాత

మన ఊరి డాక్టరు ముందు నిలబడినప్పుడు చేతిలో కాగితాలు లేకపోవడం రోగికి జరిగే పెద్ద నష్టం. ఏ మత్తు ఇచ్చారు, ఏ యాంటీబయాటిక్ వాడారు, లోపల ఏం పెట్టారు అన్నవి తెలియకపోతే ఆయన చీకట్లో తడుముకోవలసిందే. డిశ్చార్జి సమ్మరీ, ఆపరేషన్ నోట్సు, మత్తుమందు నోట్సు, ఎక్కించిన రక్తం వివరాలు ఇంగ్లీషులో ఇస్తేనే చివరి వాయిదా కడతానని ముందే చెప్పండి. ఇంప్లాంటు ఏదైనా పెడితే, దాని డబ్బా మీద చిన్న స్టిక్కరు ఉంటుంది. తయారీ సంస్థ పేరు, లాట్ నెంబరు, సీరియల్ నెంబరు దాని మీదే ఉంటాయి. ఆ స్టిక్కరును కేసు షీటు మీద అంటించడమే కాక, ఒకటి మీకు కూడా ఇవ్వమని అడగండి.

వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకున్నా, ప్రైవేటులో చూపించుకున్నా, ఆపరేషన్ విదేశంలో జరిగిందన్నది మొదటి మాటగా చెప్పాలి. సిగ్గుపడి దాచిపెట్టినవారిని నేను చూశాను; వారికే ఎక్కువ ఆలస్యం జరిగింది. టీబీ జాతికి చెందిన కొన్ని బ్యాక్టీరియాలు ఆపరేషన్ జరిగిన వారాలకో, నెలలకో కుట్ల దగ్గర గడ్డలుగా, ఆగని చీముగా బయటపడతాయి. మామూలు యాంటీబయాటిక్స్‌కు లొంగవు. మందులు మార్చినా చీము ఆగకపోతే, ఆ బ్యాక్టీరియా కోసం ప్రత్యేకంగా కల్చర్ పరీక్ష చేయించమని డాక్టరును అడగండి.

క్లెయిము నిరాకరించినా, ఆసుపత్రి మోసం చేసినా

నిరాకరణను నిబంధన నెంబరుతో సహా రాతలో తీసుకొని, మొదట బీమా సంస్థ ఫిర్యాదుల అధికారికి రాయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఏడాది లోపల ఫిర్యాదు చేయవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు, యాభై లక్షల వరకు వివాదాలను అక్కడ విచారిస్తారు. ఫిర్యాదుల కోసం ఐఆర్‌డీఏఐ నడిపే బీమా భరోసా నెంబరు 155255.

విదేశీ ఆసుపత్రి మీద పోరాటం వేరే సంగతి. అది చాలావరకు ఆ దేశపు కోర్టులో, ఆ దేశపు చట్టం కింద, ఆ దేశపు భాషలో జరగాలి. అందుకే ప్యాకేజీ అమ్మిన ఏజెంటు హైదరాబాదులోనో వరంగల్‌లోనో ఉంటే, ఒప్పందం అతని పేరు మీద, రసీదు అతని సంస్థ మీద ఉండేలా చూసుకోవాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లా కమిషన్‌లోనే రెండేళ్ల లోపు కేసు వేయవచ్చు. రసీదు లేకుండా నగదుగా, లేదా ఏజెంటు సొంత ఖాతాకు కట్టిన డబ్బుకు రుజువు చూపడం కష్టం. ఆసుపత్రికి చేరవలసిన డబ్బును బ్యాంకు ద్వారా, విదేశాలకు డబ్బు పంపేటప్పుడు నింపే ఫారం ఏ2లో వైద్యం కోసం అని రాసి, నేరుగా ఆసుపత్రి ఖాతాకు పంపితే ఎవరికి, ఎప్పుడు, దేనికి కట్టారో చెప్పే సాక్ష్యం బ్యాంకు దగ్గరే ఉంటుంది.

బయలుదేరే రోజు ఈ కాగితాలన్నింటి నకళ్లను ఒక ఫైలులో పెట్టి ఇంట్లో చదువుకున్న ఒకరి చేతికి ఇవ్వండి. బీమా సంస్థ ఈమెయిల్ జవాబు, ఆసుపత్రి చిరునామా, సర్జన్ పేరు, ఆ దేశంలోని భారత రాయబార కార్యాలయం నెంబరు, మీ రక్తం గ్రూపు, పడని మందుల పేర్లు మొదటి పేజీలోనే ఉండాలి. తోడుగా వచ్చేవారు ఎవరూ లేకపోతే, మీకు స్పృహ లేనప్పుడు ఆసుపత్రివారు ఎవరికి ఫోను చేయాలో ఆ పేరును వారి ఫారంలో మీరే స్వయంగా రాసి, ఆ మనిషికి ఆ సంగతి ముందే చెప్పి ఉంచండి.